ఉచిత సీటు ఖరీదు

నవోదయ విద్యాలయంలో సీటుకి డబ్బులు తీసుకోరు. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా ఏడేళ్ళ పాటు చదువు, తిండి, బస, పుస్తకాలు, బట్టలు అన్నీ కేంద్ర ప్రభుత్వానివే. తొమ్మిదో తరగతి నుంచి కొంతమంది దగ్గర విద్యాలయ వికాస నిధి అని నెలకి 600 రూపాయలు, ప్రభుత్వోద్యోగుల పిల్లల దగ్గర ఇంకాస్త ఎక్కువ తీసుకుంటారు. ఆడపిల్లలకీ, ఎస్సీ, ఎస్టీ పిల్లలకీ, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్న ఇళ్ళ పిల్లలకీ అదీ లేదు. కాగితం మీద చూస్తే ఒక చిన్న రైతు బిడ్డకి దొరకగలిగిన మంచి చదువుల్లో ఇంతకన్నా చవకైంది లేదు. అయినా మా పెదకూరపాడు వైపు చాలా ఇళ్ళల్లో, అయిదో తరగతి పిల్లాడున్న ఏడాది, ఇంటి ఖర్చుల్లోకెల్లా పెద్ద పద్దు ఈ ఉచిత సీటు కోసం పెట్టిందే అయ్యుంటుంది.

ఈ వ్యాసం ఆ పద్దు గురించి. ఊరికే దొరికే సీటు కోసం అమ్మానాన్నలు ఎంత ఇస్తారు? ఎవరికి ఇస్తారు? ఇచ్చేది నిజంగా వాళ్ళ జేబులోంచేనా?

ఆర్థికశాస్త్రంలో ఒక పాత అలవాటుంది. బజార్లో అమ్మని వస్తువుకి విలువ కట్టాలంటే, దానికోసం జనం ఆ పక్కన ఏం కొంటున్నారో చూడటం. ప్రభుత్వ బళ్ళో సీటు అమ్మరు, కానీ బడి పరిధిలో ఇల్లు అమ్ముతారు. 1999లో శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని బోస్టన్ శివారు ఊళ్ళల్లో ఈ లెక్క తీశారు. రెండు ప్రభుత్వ బళ్ళ పరిధుల్ని విడదీసే గీత ఎక్కడ పడుతుందో చూసి, దానికి అటూ ఇటూ ఉన్న ఇళ్ళ ధరలు పోల్చారు. పేట అదే, రోడ్డు అదే, పన్నులు అవే. బడి ఒక్కటే వేరు. పరీక్ష మార్కులు 5 శాతం ఎక్కువున్న బడి వైపు ఇళ్ళకి జనం 2.5 శాతం ఎక్కువ ఇస్తున్నారని తేలింది. ఆ 2.5 శాతమే ఉచితమైన బడి అసలు ధర అన్నమాట.

ఆఫీసు పని మీద ఏడాదిన్నర పాటు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్నప్పుడు నేను ఈ గీతని కళ్ళారా చూశాను. అక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏ భోజనానికి వెళ్ళినా మాటలు చివరికి మిషన్ సాన్ హోసే హైస్కూలు దగ్గరికే చేరేవి. ఆ బడి పరిధిలో పడితే వంటగది కారుతున్న పాతకాలపు ఇల్లైనా సరే కొనేవాళ్ళు. ఒకాయన తన ఇల్లు చూపిస్తూ, "ఇది ఇల్లు కాదండీ, పన్నెండేళ్ళ ఫీజు ఒకేసారి కట్టేశాం, ఆపైన ఉండటానికి చోటు కూడా ఇచ్చారు," అని నవ్వాడు. ఆయన మాటలో వేళాకోళం ఉంది గానీ లెక్కలో తప్పు లేదు. అమెరికాలో ప్రభుత్వ బడి సీటు ధర ఇంటి తనఖా పత్రంలో రాసుంటుంది.

పల్నాడులో అలాంటి గీత లేదు. ఇల్లు కొంటే సీటు రాదు. మధ్యలో పరీక్ష ఉంది. పరీక్ష అంటే డబ్బుతో పనిలేదని మనకి ఒక నమ్మకం. ఆ నమ్మకం వెనక ఒక మంచి చరిత్ర కూడా ఉంది.

తెలుగునాట గ్రామీణ పిల్లల కోసం మొట్టమొదటి ప్రభుత్వ గురుకుల పాఠశాల నల్లగొండ జిల్లా సర్వేలులో 1971 నవంబరులో మొదలైంది. అప్పుడు ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు. మరుసటి సంవత్సరం రాయలసీమకి కొడిగెనహళ్ళిలో, కోస్తాకి తాడికొండలో మరో రెండు వచ్చాయి. తాడికొండ మా పెదకూరపాడుకి దగ్గరే. అక్కడ చదివి పెద్ద ఉద్యోగాల్లోకి వెళ్ళినవాళ్ళ గురించి మా వైపు అరుగుల మీద ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే పి.వి. 1985లో రాజీవ్ గాంధీ ప్రభుత్వంలో మానవ వనరుల మంత్రి అయ్యారు. జాతీయ విద్యావిధానం 1986లో వచ్చింది, దాంతోపాటే జిల్లాకొకటి చొప్పున నవోదయలు. పాత గుంటూరు జిల్లాకి ఇచ్చిన నవోదయ చిలకలూరిపేట దగ్గర మద్దిరాలలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అది పల్నాడులోకి వచ్చింది.

ఆలోచన సులువుగా అర్థమయ్యేదే. పల్లెటూళ్ళో తెలివైన పిల్లలుంటారు, మంచి బడి ఉండదు. ప్రతి ఊరికీ మంచి బడి ఇవ్వలేం కాబట్టి, ఆ పిల్లల్ని ఏరి ఒకచోట పెట్టి బాగా చదివిద్దాం. అప్పట్లో ఉన్న డబ్బుకి అది తప్పు ఆలోచనేమీ కాదు. ఆ బళ్ళు చాలామంది జీవితాల్ని మార్చాయి. తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లల్ని ఏడాది పాటు వేరే భాష మాట్లాడే రాష్ట్రంలోని నవోదయకి పంపించే పద్ధతి ఒకటుంది. దానివల్ల మా వైపు మిరప చేలు తప్ప ఇంకోటి చూడని పిల్లలు ఉత్తరాదికి వెళ్ళి హిందీ మాట్లాడుతూ తిరిగొచ్చారు. ఏ కార్పొరేట్ స్కూలూ ఎంత ఫీజు కట్టించుకున్నా ఆ పని చెయ్యదు.

సమస్య ఆ బడి లోపల లేదు, గేటు బయట ఉంది.

పరీక్ష ఎలా ఉంటుందో చెప్పుకోవాలి. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. లెక్కలు 20 ప్రశ్నలు, భాష 20 ప్రశ్నలు. మిగిలిన 40 ప్రశ్నలూ, అంటే సగం మార్కులు, మెంటల్ ఎబిలిటీ. అన్నీ బొమ్మలు. నాలుగు బొమ్మల్లో కలవనిది ఏది? అద్దంలో చూస్తే ఈ బొమ్మ ఎలా కనపడుతుంది? కాగితాన్ని మడతపెట్టి మూల కత్తిరించి విప్పితే ఎలా ఉంటుంది? మంచి బడికి వెళ్ళని పిల్లాడు కూడా నష్టపోకూడదని, చదువుతో సంబంధం లేని తెలివిని కొలవాలని, ఇలాంటి ప్రశ్నలు పెడతారు. కానీ ఏ బళ్ళోనూ చెప్పని విషయానికి సగం మార్కులు పెడితే ఏమవుతుంది? దాన్ని చెప్పడానికి బడి బయట ఒక దుకాణం తెరుచుకుంటుంది. చదువుతో సంబంధం లేని తెలివి అనుకున్నది కాస్తా, నాలుగు నెలలు సాధన చేస్తే పట్టుబడే విద్య అయిపోయింది. పైగా ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయాలి. తప్పితే మళ్ళీ అవకాశం లేదు. ఒక్కసారే అన్న మాట వినపడగానే ఏ తల్లిదండ్రులైనా లెక్క చూసుకోవడం మానేస్తారు.

మా అక్క వాళ్ళు ఉండేది పెదకూరపాడులోనే. బావకి సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు. మిరప, పత్తి. అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిది, అబ్బాయి అయిదు. 2025 వేసవి సెలవులు అయిపోయే ముందు బావ ఫోన్ చేసి, పిల్లాణ్ణి నవోదయ కోచింగ్‌కి వేద్దామనుకుంటున్నామని చెప్పాడు. హాస్టల్‌తో కలిపి పరీక్ష దాకా యాభై అయిదు వేలు అడిగారట. ఆ స్కూలు పేరు ఇక్కడ అనవసరం. అలాంటివి చాలా ఉన్నాయి.

యాభై అయిదు వేలంటే ఎంత? ఆ ఏడాది మిరప ధర కుప్పకూలింది. గుంటూరు యార్డులో రైతులు గోల పెడితే, ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకి 11,781 రూపాయలు ధర ప్రకటించింది. ఆ ధరకే అమ్మాడనుకున్నా దాదాపు అయిదు క్వింటాళ్ళ కాయ. కోత కూలీ, మందులు, కౌలు తీసేస్తే ఆ ఏడాది బావకి అయిదు క్వింటాళ్ళు మిగల్లేదు. మరి డబ్బెక్కడిది? జూన్‌లో తల్లికి వందనం పడింది. పిల్లాడికి పదిహేను వేలు అని చెప్పి, బడి నిర్వహణకి రెండు వేలు పట్టుకుని, తల్లి ఖాతాలో పదమూడు వేలు వేశారు. ఇద్దరు పిల్లలకి ఇరవై ఆరు వేలు. అది మొదటి వాయిదా. మిగతాది బావ వడ్డీకి తెచ్చాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఈ డబ్బు తిరిగిన దారి చూడండి. పిల్లల్ని బడికి పంపించమని రాష్ట్ర ప్రభుత్వం తల్లికి ఇచ్చిన డబ్బు, కేంద్ర ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే సీటు కోసం, మధ్యలో ఉన్న ప్రైవేటువాళ్ళకి చేరింది. ఇందులో ఎవరూ దొంగతనం చెయ్యలేదు. ప్రతివాళ్ళూ తమకి తోచిన మంచిపనే చేశారు.

నేనొకసారి అక్కని నేరుగా అడిగాను. "అక్కా, ఆ సీటు అమ్మకానికి పెట్టారనుకో. ఎంతిస్తావు?"

అక్క చేతిలో పనాపి నావైపు వింతగా చూసింది. "అమ్మేదైతే అది మన దాకా వచ్చిద్దా ఏంటి? గుంటూరోళ్ళే ఎగరేసుకుపోరూ? అమ్మరు గాబట్టే గదరా మనం ఆశపడేది."

ఎంత ఇస్తారని సర్వేలు చేసేవాళ్ళు ఈ జవాబుని పనికిరాని జవాబుగా లెక్కేసి పక్కన పెడతారు. నాకు మాత్రం ఇదే సరైన జవాబనిపించింది. కొన్ని వస్తువుల విలువ అవి అమ్మకానికి లేకపోవడంలోనే ఉంటుంది. ధర పెట్టిన మరుక్షణం అది వేరే వస్తువైపోతుంది.

కానీ అక్క మాటలో ఒక చిక్కుంది. సీటు అమ్మకపోయినా, సీటొచ్చే అవకాశాన్ని అమ్ముతున్నారు. దాన్ని ఆమె కొంది.

బావ గుంటూరు పోయి విచారిస్తే ఆరో తరగతికి హాస్టల్‌తో సహా ఒకచోట లక్షన్నర, ఇంకోచోట లక్షా ఎనభై వేలు చెప్పారు. తక్కువదే తీసుకుందాం. ఏడేళ్ళకి పదిన్నర లక్షలు. నవోదయ సీటు ఒక కుటుంబానికి మిగిల్చేది సుమారు అంత. ఇప్పుడు ఒక్కో సీటుకి ఇరవై మంది పోటీ పడుతున్నారనుకుందాం. ఇది నేను లెక్క కోసం అనుకుంటున్న సంఖ్య మాత్రమే. ఆ ఇరవై ఇళ్ళూ మా అక్కలాగే తలా యాభై అయిదు వేలు ఖర్చుపెడితే మొత్తం పదకొండు లక్షలు. అంటే పదిన్నర లక్షల సీటు కోసం ఊళ్ళన్నీ కలిసి పదకొండు లక్షలు తగలేశాయి. ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చినదంతా, సీటు ఎవరికో తేలేలోపే, ఆవిరైపోయింది. అందరూ కోచింగ్ తీసుకోరు, నిజమే. కానీ ఈ లెక్క ఎటు పోతోందో చూడటానికి ఇది చాలు.

ఇది నేను కనిపెట్టిన లెక్క కాదు. 1974లో ఆన్ క్రూగర్ అనే ఆర్థికవేత్త ఒక వ్యాసం రాశారు. రెంట్ సీకింగ్ అన్న మాట ఆ వ్యాసంతోనే వాడుకలోకి వచ్చింది. అందులో ఆవిడ తీసుకున్న ఉదాహరణల్లో ఒకటి మన దేశమే. లైసెన్సుల రాజ్యం రోజుల్లో దిగుమతి లైసెన్సు చేతికొస్తే లాభాల పంట. కాబట్టి ఆ లాభం అంత విలువా దాన్ని సంపాదించే ప్రయత్నంలోనే ఖర్చైపోతుందని ఆవిడ వాదన. 1964లో భారతదేశంలో ఇలాంటి లైసెన్సుల చుట్టూ తిరిగిన విలువ జాతీయాదాయంలో 7.3 శాతం ఉంటుందని అంచనా కట్టారు. ఫ్యాక్టరీ సామర్థ్యాన్ని బట్టి లైసెన్సు ఇస్తారు గనక, ఉన్న యంత్రాలే ఖాళీగా ఉన్నా ఇంకా యంత్రాలు కొనేవాళ్ళట, కేవలం లైసెన్సులో వాటా పెంచుకోవడానికి.

ఆ వాక్యం చదివినప్పుడు నాకు మా మేనల్లుడు గుర్తొచ్చాడు. దసరా సెలవులకి ఇంటికొచ్చిన వాడు నా దగ్గర కూర్చుని, "మావయ్యా, కాయితాన్ని మూడుసార్లు మడిచి మధ్యలో ఒక చిల్లు పెడితే విప్పినాక ఎన్ని చిల్లులుంటయ్యో చెప్పు," అన్నాడు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టేలోపు వాడే ఎనిమిది అనేశాడు. ఆ తర్వాత, తెల్లారకట్ల నాలుగున్నరకి లేపుతారనీ, ఆదివారం పూట పది నిమిషాలు ఫోనిస్తారనీ చెప్పాడు. ఫిర్యాదులా కాదు, కొత్త ఊరి విశేషాలు చెప్పినట్టు. లెక్కల్లో వాడు బాగుపడ్డాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అద్దంలో బొమ్మలు, మడిచిన కాగితాలు పరీక్ష అయిపోయిన మర్నాటి నుంచి ఎక్కడా అక్కర్లేదు. ఖాళీగా ఉంచడానికే కొన్న యంత్రాలవి.

ఇంకో నిబంధన సంగతి. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకే. ఆ కోటాలో రాయాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు పూర్తిగా పల్లెటూరి బళ్ళో చదివుండాలి. న్యాయమైన నిబంధన. దానివల్ల రెండు జరిగాయి. ఒకటి, కోచింగే పల్లెటూరికి వచ్చింది. మా మేనల్లుడు చేరిన స్కూలు పంటచేల మధ్య ఉండటానికి కారణం గాలి వెలుతురు కాదు, గ్రామపంచాయతీ. రెండోది, టౌన్లో ఉంటూ పిల్లల పేర్లు మాత్రం పల్లెటూరి బళ్ళో రాయించేవాళ్ళు తయారయ్యారు. పేరు ఊళ్ళో, పిల్లాడు టౌన్లో. ఇది మా వైపు రహస్యమేమీ కాదు.

దీన్ని మన జాడ్యం అనుకుని పెదవి విరవడం సులువు. 2011లో అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో, కెల్లీ విలియమ్స్ బోలార్ అనే నల్లజాతి తల్లిని జైల్లో పెట్టారు. ఆమె చేసిన నేరం, తన ఇద్దరు కూతుళ్ళని పక్క ఊరి మంచి ప్రభుత్వ బళ్ళో చేర్చడానికి తన తండ్రి ఇంటి అడ్రసు రాయడం. తొమ్మిది రోజులు జైల్లో ఉంది. దేశమంతా గొడవయ్యాక గవర్నరు శిక్ష తీవ్రతని తగ్గించాడు. ఫ్రీమాంట్‌లో ఇల్లు కొన్న మా మిత్రుడూ, ఆక్రన్‌లో తండ్రి అడ్రసు రాసిన ఆ తల్లీ కోరుకున్నది ఒక్కటే. ఆయన దగ్గర డబ్బుంది కాబట్టి దాన్ని పెట్టుబడి అన్నారు. ఆమె దగ్గర లేదు కాబట్టి మోసం అన్నారు.

డబ్బు రూపంలో కాకుండా ఇంకో రకంగా చెల్లించే ధర కూడా ఉంది. కేంద్రీయ విద్యాలయాల్లో ఒక్కో పార్లమెంటు సభ్యుడు ఏడాదికి పదిమంది పిల్లల్ని సిఫార్సు చేసే పద్ధతి చాలాకాలం నడిచింది. 2022 ఏప్రిల్‌లో తీసేశారు. ఆ ఉత్తరానికి ధర లేదు. కానీ ఆ ఉత్తరం కోసం ఎవరి గుమ్మం ముందు ఎన్నిసార్లు నిలబడాలో, ఎన్నికలప్పుడు ఎవరి జెండా పట్టుకోవాలో ఊళ్ళో అందరికీ తెలుసు. మొహమాటాన్ని అప్పుగా తెచ్చుకుంటే ఆ అప్పు ఎప్పటికీ తీరదు. దాంతో పోలిస్తే యాభై అయిదు వేల రసీదే మేలు. కనీసం దానికో అంకె ఉంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఇచ్చేవాళ్ళ జేబు లెక్కలు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచనలో పడేసింది మాత్రం మా మేనకోడలు అడిగిన ఒక ప్రశ్న. తల్లికి వందనం డబ్బులు పడ్డ రోజు వాళ్ళమ్మ ఫోన్లో మెసేజీ చదివింది అదే. రెండు పదమూడు వేలు. సాయంత్రం బావ ఆ డబ్బు తీసుకుని కోచింగ్ స్కూలుకి బయల్దేరుతుంటే, "నా పదమూడు వేలు కూడా వాడికేనా?" అంది. గట్టిగా కూడా అనలేదు. అక్క విని, "నీకు ఇప్పుడు ఫీజు లేదు గదమ్మా," అంది. నిజమే, జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫీజు లేదు.

మూడేళ్ళ క్రితం ఆ పిల్ల అయిదో తరగతిలో ఉన్నప్పుడు నవోదయ మాటే ఇంట్లో రాలేదు. నవోదయలో మూడో వంతు సీట్లు ఆడపిల్లలవే. ఆడపిల్లకి వికాస నిధి కూడా లేదు. పైగా ఇద్దరిలో చురుకైంది ఆ పిల్లే. అప్పుడు నేను అడిగితే, "పదేళ్ళ ఆడపిల్లని హాస్టల్లో ఎట్టా ఏస్తాంరా," అన్నారు. అదీ కొట్టిపారేసే భయం కాదు. తల్లి భయానికి శాతాలు చెప్పి ఒప్పించలేం. కానీ ఫలితం ఏమిటంటే, ఆ ఇంట్లో ఉచిత సీటు కోసం పెట్టిన ఖర్చులో పావు వంతు దాకా ఎనిమిదో తరగతి పిల్ల పెట్టింది. ఆమెని ఎవరూ అడగలేదు.

ఇది మా ఇంట్లో కొత్త సంగతేం కాదు. నన్ను ఇంటర్‌కి గుంటూరు హాస్టల్లో వేసినప్పుడు నాన్న అరెకరం అమ్మాడని అందరూ చెప్తారు. ఆ రెండేళ్ళూ అక్క ఇంటర్ పూర్తి చేసి డిగ్రీలో చేరకుండా ఇంటిదగ్గర కుట్టుమిషన్ తొక్కిందని ఎవరూ చెప్పరు. హాస్టల్ ఖర్చుల డబ్బులు ఆ జాకెట్ల కూలిలోంచి వచ్చేవి. అరెకరానికి రిజిస్ట్రేషన్ కాగితం ఉంది. ఆ రెండేళ్ళకి కాగితం లేదు. అక్క ఇప్పుడు కొడుకు కోసం చేస్తున్నది ఒకప్పుడు తనకి జరిగినదే. ఆమె దాన్ని అన్యాయం అనుకోదు. ఇంటికి ఒక్కళ్ళు బయటపడితే మిగతావాళ్ళని లాగుతారని ఆమె నమ్మకం. నేను బయటపడ్డాను. ఆ నమ్మకాన్ని నేను తప్పుబడితే అది ఆ కుట్టుమిషన్‌ని తప్పుబట్టినట్టే ఉంటుంది. సమర్థిస్తే ఆ పిల్ల ప్రశ్నకి జవాబు ఉండదు. ఈ రెంటి మధ్యా నాకింకా తెగలేదు.

మన కథల్లో సీటొచ్చిన పిల్లాడే కథానాయకుడు. బల్బు కింద చదువుతాడు, సీటు సంపాదిస్తాడు, రైలెక్కుతాడు. ఆ రైలు టిక్కెట్టుకి చిల్లర ఎవరి డబ్బాలోంచి తీశారన్నది కథలో ఒక్క వాక్యం. తల్లిదండ్రులు ఎంత చెల్లిస్తారు అన్న ప్రశ్నలో ఉన్న లోపం కూడా ఇదేనని నాకనిపిస్తుంది. చెల్లించేది తల్లిదండ్రులే అని అది ముందే అనేసుకుంటుంది.

మరి చెయ్యాల్సిందేమిటి? సీట్లు పెంచాలి అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. అది అవసరమే. కానీ సీటు అన్న మాటకి విలువ వచ్చేది, సీటు రానివాళ్ళు చదివే బడికి విలువ లేనప్పుడే. మద్దిరాలకి ఏటా 80 మంది వెళ్తారు. మిగతావాళ్ళు ఉండేది ఊళ్ళో బళ్ళోనే. సిద్దిపేటలో ఇందిరానగర్ జిల్లా పరిషత్ హైస్కూలు ముందు అడ్మిషన్లు లేవని బోర్డు పెట్టిన వార్త చాలామంది చదివే ఉంటారు. అది గురుకులం కాదు, నవోదయ కాదు. మామూలు ప్రభుత్వ హైస్కూలు. పిల్లల్ని అక్కణ్ణించి ఏరి తీసుకుపోవడం కాదు, అక్కడే నిలబెట్టడం సాధ్యమే అనడానికి అలాంటి బోర్డొకటి చాలు. అలాంటి బడి ఒక్కటే ఉంటే దాని ముందు కూడా వరస కడతారు, అది వేరే సంగతి.

సీట్లు పంచే పద్ధతిలో కూడా తేడాలుంటాయి. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీల్లో, అంటే నూజివీడు, ఇడుపులపాయల్లాంటి చోట్ల, ఎంట్రన్సు పరీక్ష కాదు, పదో తరగతి మార్కుల్ని బట్టి సీటిస్తూ వచ్చారు. అందులో హాస్టల్ లేని ప్రభుత్వ బళ్ళల్లో చదివిన పిల్లలకి కొంత కలుపుతారు. గ్రేడ్ల రోజుల్లో అది 0.4 పాయింటు, తర్వాత 4 శాతం. వెనకబాటు మార్కులు అందాం. ఇదేదో చిన్న గుమాస్తా లెక్కలాగా కనపడుతుంది గానీ, నవోదయ పద్ధతికి ఇది సరిగ్గా తిరగేసిన ఆలోచన. నవోదయ, పదేళ్ళప్పుడు ఊరి బడిని వదిలినవాడికి బహుమతి ఇస్తుంది. ఇది, పదహారేళ్ళ దాకా ఊరి బళ్ళో ఉన్నవాళ్ళకి ఇస్తుంది. ఇక్కడ కోచింగ్ కొనడం అనవసరం అనను, కానీ ఊరి బళ్ళో ఉండటం అనేదాన్ని డబ్బు పెట్టి కొనడం కష్టం. ఉండాల్సిందే.

అమెరికాలో టెక్సస్ రాష్ట్రం 1997లో ఇలాంటి చట్టమే చేసింది. ప్రతి హైస్కూల్లోనూ మొదటి పది శాతంలో ఉన్న పిల్లలకి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సీటు ఖాయం. ఆ తర్వాత కొన్ని కుటుంబాలు కావాలని పోటీ తక్కువున్న బళ్ళని ఎంచుకోవడం మొదలుపెట్టాయని పరిశోధకులు చూపించారు. దాన్ని లోపం అన్నవాళ్ళున్నారు. నాకది లోపంలా కనపడలేదు. డబ్బున్నవాళ్ళు మామూలు బడి వైపు నడవడానికి ఒక కారణం దొరికితే, ఆ బడికి కాస్త గట్టిగా అడిగే తల్లిదండ్రులు దొరుకుతారు.

మా మేనల్లుడు పరీక్ష రాశాడు. నేనిది రాసే సమయానికి ఫలితాలు రాలేదు. వస్తే వాడు మద్దిరాల వెళ్తాడు, నాకు సంతోషమే. అది మంచి బడి. రాకపోతే బావ అప్పు అలాగే ఉంటుంది, వాడు మళ్ళీ ఊళ్ళోకొచ్చి ఆరో తరగతిలో అక్క చదివే బళ్ళోనే చేరతాడు. యాభై అయిదు వేలకి వాడికి దక్కింది ఆరు నెలల ముందుగా ఇల్లు వదలడం అవుతుంది.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు మేనకోడలు అడిగింది. "మావయ్యా, నూజివీడులో మా బళ్ళో చదివినోళ్ళకి మార్కులు కలుపుతారంటగా?"

కలుపుతారన్నాను. ఎంతో చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే పదో తరగతి దాకా నన్ను ఈ బళ్ళోంచి ఎక్కడికీ మార్చొద్దని అమ్మతో చెప్పు," అంది. తను ఉన్నచోటే ఉండటం ఒక అర్హత కూడా కాగలదని ఆ ఇంట్లో ఎవరైనా అనుకోవడం అదే మొదటిసారి. లెక్కల గైడు ఒకటీ, పాత ప్రశ్నపత్రాలూ కావాలంది. అంతా కలిపి ఆరేడు వందలు అవుతుంది.

అక్కతో చెప్పాను. ఈసారి తల్లికి వందనం పడినప్పుడు పిల్ల పేరున వచ్చిన డబ్బు పిల్లకే ఉంచమని కూడా చెప్పాను. అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండా, "చూద్దాంలేరా" అంది.